కరోనీ మట్టిలో పుట్టిన తాసా

వెస్టిండీస్ సంగీతమనగానే భారతీయ పాఠకునికి స్ఫురించేది కలిప్సో గానం, దానికి తోడుగా ఉక్కు పీపాల నుంచి మలచిన స్టీల్‌పాన్ నాదం. క్రికెట్ ప్రసారాల పుణ్యమా అని ఆ రెండూ ఈ దేశంలో కొంతవరకు పరిచితమైనవే. అదే ట్రినిడాడ్ ద్వీపంలో, అవే వీధుల్లో, స్టీల్‌పాన్ పుట్టుకకు చాలాకాలం ముందునుంచీ మోగుతున్న మరొక వాద్యం ఉంది. దాని పేరు తాసా. కుమ్మరి సారెపై తీర్చి ఆవంలో కాల్చిన మట్టి గిన్నె, దాని నోటికి బిగించిన మేకతోలు, వాయించడానికి రెండు సన్నని పుల్లలు. నిర్మాణం అంతవరకే. ఇంత సామాన్యమైన వస్తువు చుట్టూ నూట యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర, ఒక జాతీయ వివాదం, ఒక కాల్పుల ఘటన, విద్వాంసుల వాదప్రతివాదాలు అల్లుకుని ఉండడమే దీనిని సంగీత విమర్శకులు ప్రత్యేకంగా పరిశీలించవలసిన వస్తువుగా చేస్తున్నది.

తాసా ఏకాకి వాద్యం కాదు. సంప్రదాయ బృందంలో రెండు తాసాలు, చెట్టుమానును తొలిచి చేసిన పెద్ద రెండు ముఖాల మద్దెల, ఇత్తడి తాళాలు ఉంటాయి. మద్దెలను అక్కడివారు ‘బాస్’ అంటారు. తాళాల పేరు మాత్రం ఝాంఝ్‌గానే నిలిచింది. రెండు తాసాలలో ఒకటి ‘ఫూలే’. అది మారని నడకను పట్టుకుని ఉంటుంది. రెండవది ‘కట్టర్’. శ్రుతి హెచ్చించి కట్టిన ఈ వాద్యం ఆ నడకను కోస్తూ, చీలుస్తూ, దానిపై స్వతంత్రంగా కల్పనలు అల్లుతుంది. ఒక్కొక్క దరువును ‘హ్యాండ్’ అంటారు. ఏ దరువు ఎప్పుడు మొదలుకావాలో, ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ తెగిపోవాలో కట్టర్ ఇచ్చే సంకేతాన్నిబట్టి మిగిలిన ముగ్గురూ గ్రహిస్తారు. డోలు, తాళం, సన్నాయి మధ్య జరిగే సంప్రదింపును చెవితో పట్టుకోగల తెలుగు శ్రోతకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. అయితే సన్నాయి పాత్రను కూడా ఇక్కడ చర్మవాద్యమే నిర్వహించడం విశేషం. రాగం లేని చోట ఆ లోటు తెలియనీయకుండా గంటలకొద్దీ శ్రోతలను నిలబెట్టగలగడం కట్టర్ వాదకుని ప్రతిభకు గీటురాయి.

పేరు చరిత్ర పొడవైనది. పారశీకంలో ‘తాస్’ అంటే గిన్నె. గిన్నె ఆకారపు ఈ చర్మవాద్యం పశ్చిమాసియా నుంచి ఉత్తర భారతానికి వచ్చి తాషా అయింది. పెళ్లి ఊరేగింపుల్లోను, మొహర్రం ఊరేగింపుల్లోను స్థిరపడింది. హైదరాబాదు నగరంలో పాత తరంవారికి తాషా, మర్ఫా అన్నవి జంటపదాల వంటివి. భోజ్‌పురీ ప్రాంతాల నుంచి, అంటే నేటి తూర్పు ఉత్తరప్రదేశ్, పశ్చిమ బీహార్ పల్లెల నుంచి, ఒప్పందపు కూలీలుగా బయలుదేరినవారి జ్ఞాపకంలో ఈ వాద్యం సముద్రం దాటింది.

ఆ ప్రయాణ వృత్తాంతం సంక్షిప్తంగా చెప్పుకోదగినదే. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం 1834లో రద్దయింది. 1838లో ‘అప్రెంటిస్’ పద్ధతి కూడా ముగిసి, విముక్తులైన ఆఫ్రికా సంతతివారు చెరకు తోటల యజమానులు విసిరే వేతనాలకు పనిచేయడానికి నిరాకరించారు. ఆ ఖాళీని పూరించడానికి యజమానులు భారతదేశం వైపు చూశారు. 1845 మే 30న ‘ఫాతెల్ రజాక్’ అనే ఓడ రెండు వందలకు పైగా భారతీయులతో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవు చేరింది. 1917లో ఈ వలస ఆగేనాటికి ట్రినిడాడ్ చేరినవారు లక్షా నలభై వేలకు పైమాటే. అత్యధికులు కలకత్తా రేవు నుంచి వెళ్లినవారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన తక్కువ సంఖ్యలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ అందరికీ కలిపి ‘మద్రాసీ’ అన్న పేరే మిగిలింది. పొరుగున ఉన్న గయానాలో మద్రాసీల కాళీమాయి పూజల్లో ఈనాటికీ మోగే చర్మవాద్యం పేరు ‘తప్పు’. ఆ మాట విన్న తెలుగువానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఈ చరిత్రను చెప్పేవారు సాధారణంగా ఇక్కడితో తృప్తిపడి, తాసాను ‘భారతదేశం నుంచి వచ్చిన వాద్యం’ అనేస్తారు. ఆ మాటలో సగమే నిజం. ఓడలో వచ్చినవి చేతివేళ్ల నైపుణ్యం, చెవి జ్ఞాపకం, దరువుల పేర్లు. ఒకటి రెండు వాద్యాలు కూడా వచ్చి ఉండవచ్చు. కానీ మట్టి గిన్నె పగలక మానదు. తోలు చిరగక మానదు. పగిలిన మరుక్షణం మరొక గిన్నె కావాలి. ఆ గిన్నెకు మట్టి గంగాతీరం నుంచి రాదు. మధ్య ట్రినిడాడ్‌లోని కరోనీ మైదానపు మట్టినే తవ్వి, పిసికి, సారెకెక్కించాలి. తాసా నిర్మాణంలో ఓడ ఎక్కి రాలేనిది ఏదైనా ఉన్నదంటే అది ఈ మట్టి గిన్నె. అందువల్ల వాద్యంలోని అత్యంత ‘భారతీయ’మైన భాగంగా ప్రేక్షకుడు భావించేదే వాస్తవానికి అత్యంత ట్రినిడాడ్ సంబంధమైన భాగం. చాగ్వానస్ పట్టణ పరిసరాల్లో, ముఖ్యంగా చేజ్ విలేజ్‌లో, భారత సంతతి కుమ్మరులు ఈనాటికీ దీపావళికి ప్రమిదలు చేస్తున్నారు. 1966 నుంచి దీపావళి ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం కావడంతో ప్రమిదకు గిరాకీ తగ్గలేదు. కుమ్మరి చేతిలోంచి వచ్చే ప్రమిదనూ, తాసా గిన్నెనూ పక్కపక్కన పెట్టి చూస్తే కొలతలో తప్ప జాతిలో తేడా కనబడదు. రెండూ నిప్పును కోరే పాత్రలే.

నిప్పును కోరడం అన్నది అలంకారప్రాయంగా అన్నమాట కాదు. వాయించే ముందు తాసా తోలును మంటకు చూపాలి. సముద్రపు తేమగాలి తోలును సడలిస్తుంది; వేడి బిగిస్తుంది. బిగిసిన తోలు కొంతసేపే నిలుస్తుంది. శ్రుతి దిగగానే మళ్లీ మంట దగ్గరకు వెళ్లవలసిందే. అందువల్ల పెళ్లింటి పక్కన, ఊరేగింపు బయలుదేరే చోట, వాదకులు ముందుగా వేసుకునేది చిన్న మంట. తెలుగు పల్లెల్లో డప్పు కాచే దృశ్యం ఎరిగినవారికి ఇది అచ్చంగా అదే. చిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని గడ్డిమంట చుట్టూ నిలబడ్డ డప్పు కళాకారుల బృందానికీ, కరోనీ మైదానంలో తాసాలు కాచుకునే బృందానికీ మధ్య సముద్రాలున్నా పని ఒక్కటే, చెవి పెట్టి పరీక్షించే తీరూ ఒక్కటే.

వలసపాలకులకు ఈ మంటలన్నా, మోతలన్నా భయం. ఆ భయం మొదట ఆఫ్రికా సంతతివారి మీద విరుచుకుపడింది. 1881లో కార్నివాల్ సందర్భంగా కాగడాల ఊరేగింపును పోలీసులు అడ్డుకోగా పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఘర్షణలు జరిగాయి. ఆ తరువాతి సంవత్సరాల్లో వచ్చిన ఉత్తర్వులు కార్నివాల్‌లో కాగడాలను, చర్మవాద్యాలను నిషేధించాయి. తోలు వాయించరాదన్నప్పుడు ప్రజలు వెదురు బొంగులు కోసి నేలకేసి కొట్టి లయ పుట్టించారు. అదే ‘టాంబూ బాంబూ’. వెదురు నుంచి బిస్కెట్ డబ్బాలకు, అక్కడినుంచి 1940ల నాటికి చమురు పీపాలకు ఆ లయ చేరుకుంది. స్టీల్‌పాన్ కథ స్థూలంగా ఇది.

అదే 1884లో నిషేధం భారతీయుల వైపు తిరిగింది. ట్రినిడాడ్‌లో మొహర్రంను ‘హోసే’ అంటారు. వెదురుతో, రంగు కాగితాలతో కట్టిన తాజియాలను తాసాల మోతతో ఊరేగించి నీటిలో కలపడం ఆచారం. మూలంలో షియా ముస్లిముల శోకదినం. ఆచరణలో హిందువులు, ముస్లిములు, ఆఫ్రికా సంతతివారు కూడా పాలుపంచుకున్న ఉత్సవం. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగను కులమత భేదం లేకుండా ఊరంతా చేసుకోవడం ఎరిగినవారు ఈ మాటకు ఆశ్చర్యపడరు. ఊరేగింపులు పట్టణాల్లోకి రాకూడదని ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. అనుమతి కోరుతూ వినతిపత్రం ఇచ్చినవారికి నాయకత్వం వహించినది సూఖూ అనే హిందువు. వినతి తిరస్కృతమైంది. 1884 అక్టోబర్ 30న శాన్ ఫెర్నాండో పట్టణ ప్రవేశమార్గాల్లో, తాజియాలతో ముందుకు సాగుతున్న తోటకూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు మరణించారు, వందమందికి పైగా గాయపడ్డారు. విచారణ జరిపిన జమైకా గవర్నరు సర్ హెన్రీ నార్మన్ అధికారుల చర్యను సమర్థించాడు. ఈ ఘటనపై కెల్విన్ సింగ్ 1988లో ప్రకటించిన గ్రంథం వచ్చేదాకా దానికి విస్తృతమైన చారిత్రక అధ్యయనం దక్కలేదనే చెప్పాలి.

మూడేళ్ల వ్యవధిలో రెండు జాతుల వాద్యాల మీద ఒకే ప్రభుత్వం దాడి చేసిన ఈ సామ్యాన్ని పట్టుకుని, తాసా వాద్యాన్ని సౌహార్ద చిహ్నంగా కీర్తించడం ఇటీవలి రచనల్లో ఎక్కువగా కనిపిస్తున్నది. సదుద్దేశమే కావచ్చు గాని చరిత్ర అంత తీయగా లేదు. కూలీల వలసకయ్యే ఖర్చులో ఒక భాగాన్ని ప్రభుత్వ ఖజానా భరించింది. ఆ ఖజానా నింపినవారిలో విముక్తులైన ఆఫ్రికన్లు కూడా ఉన్నారు. తమ వేతనాన్ని తగ్గించడానికి వచ్చినవారిని తమ పన్నులతోనే రప్పించారని వారికి తోచడంలో అన్యాయం లేదు. భారతీయులకు నిర్ణీత సంవత్సరాల నిర్బంధ శ్రమ, తోట దాటాలంటే అనుమతిపత్రం, ఉల్లంఘిస్తే జైలు. ఒకరి దుఃఖం మరొకరికి కనబడకుండా పాలకులు ఇద్దరి మధ్యా గోడ కట్టారు. స్వాతంత్ర్యం (1962) తరువాత కూడా ఎన్నికల రాజకీయాల్లో ఆ గోడ పూర్తిగా కూలలేదు. పంచుకున్న చరిత్ర అంటే పంచుకున్న ప్రేమ మాత్రమే కాదు. పంచుకున్న యజమాని, పంచుకున్న కొరడా, ఒకరిపై ఒకరికి మిగిలిన అనుమానం కూడా అందులో భాగాలే. మట్టి తాసాను ఆ మొత్తం చరిత్రకు సాక్షిగా చూడకుండా కేవలం మైత్రీగీతానికి పక్కవాద్యంగా చూడడం దానికి అన్యాయం చేయడమే.

సంగీతం మాత్రం గోడలను అంతగా లెక్కచేయలేదు. తాసా బృందాలు వాయించే దరువుల జాబితాను చూడండి. తికోరా, నగారా, చౌబోలా వంటి పేర్లు సూటిగా ఉత్తర భారతాన్ని గుర్తుకు తెస్తాయి. వాటి పక్కనే ‘డింగొలే’ ఉంది. అది ఆఫ్రో-క్రియోల్ నృత్యసంబంధమైన పదం. కలిప్సో, సోకా, స్టీల్‌బ్యాండ్ లయలను అనుకరించే దరువులూ ఉన్నాయి. హోసేలో మాత్రం శోకపు దరువులు వేరు. ‘మహాతమ్’ అన్న పేరు అరబ్బీ ‘మాతమ్’కు రూపాంతరం. ఒకే గిన్నె, ఒకే తోలు, ఒకే పుల్లలు పెళ్లికి ఒక తీరుగా, కర్బలా శోకానికి మరొక తీరుగా, కార్నివాల్ వీధికి ఇంకొక తీరుగా పలుకుతాయి.

ఈ మిశ్రమాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నదే విద్వాంసుల చర్చ. కరీబియన్ సంస్కృతిని గురించి రాసేవారిలో చాలాకాలం సంకరమే సర్వస్వమన్న ధోరణి ప్రబలింది. ఆఫ్రికా, ఐరోపా సంప్రదాయాలు కలిసి క్రియోల్ సంస్కృతి పుట్టిందనీ, అందులో కలవనిది వెనుకబడినదనీ ఆ ధోరణి సారాంశం. పీటర్ మాన్యుయెల్ 2015లో వెలువరించిన ‘టేల్స్, ట్యూన్స్ అండ్ తాసా డ్రమ్స్’ గ్రంథం ఈ ధోరణికి గట్టి సమాధానం. అంతకు ముందు 2010లో తాసాపై ఆయన ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడా తీశాడు. తాసా సంగీతపు పునాదులు భోజ్‌పురీవేననీ, కొత్తదనమంతా క్రియోల్ ప్రభావం వల్లనే రాలేదనీ, భారతీయ సంప్రదాయమే తనలోంచి తాను పెరిగి కొత్త రూపాలు కల్పించుకున్నదనీ ఆయన ప్రతిపాదన. ఇది విలువైన ప్రతిపాదన. వలసవెళ్లినవారు సంప్రదాయాన్ని భద్రపరచడమో పోగొట్టుకోవడమో తప్ప మరొకటి చేయలేరన్న అపోహను ఇది తొలగిస్తుంది. భోజ్‌పురీ పల్లెల తాషా కంటె ట్రినిడాడ్ తాసా కొన్ని అంశాల్లో ఎంతో జటిలంగా వికసించిందన్న సత్యాన్ని భారతీయ పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. మూలం ఇక్కడ ఉన్నంతమాత్రాన పరాకాష్ఠ కూడా ఇక్కడే ఉండాలని లేదు.

అయినా ఒక మాట. నిలుపుదల, కల్పన అనే రెండు తూనికరాళ్లతో దరువులను తూచినంత తేలికగా వస్తువును తూచలేము. దరువు పేరునుబట్టి ఇది వారణాసిది, ఇది పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌ది అని విడదీయవచ్చు. గిన్నెను అలా విడదీయడం అసాధ్యం. దాని ఆకారం పారశీకం, పనితనం భోజ్‌పురీ, మట్టి కరోనీది, దానిపై తోలు స్థానిక మేకది. వాయించే చేయి ఏ సంతతిదైనా కావచ్చు. సంగీతశాస్త్రం కుమ్మరి దగ్గరకు వెళ్లి కూర్చుంటే తప్ప ఈ సంగతి తేలదు.

1992 ఆగస్టులో స్టీల్‌పాన్‌ను ట్రినిడాడ్, టొబాగో జాతీయ వాద్యంగా ప్రకటించారు. ఆ గౌరవానికి అది అన్నివిధాలా అర్హమైనది. ఇరవయ్యో శతాబ్దంలో మానవజాతి కల్పించిన శ్రుతివాద్యాల్లో దానికి సాటిరాగలవి అరుదు. కానీ జనాభాలో మూడోవంతుకు మించిన భారత సంతతివారిలో, తమ వాద్యాన్ని వదిలి వేరొకదాన్ని జాతి మొత్తానికి ప్రతీకగా నిలపడమేమిటన్న ప్రశ్న లేచింది. తాసాకూ సమాన గౌరవం ఇవ్వాలన్న కోరిక బలంగా వినిపించింది. ‘తాసా దిగుమతి అయినది, పాన్ ఇక్కడ పుట్టినది’ అన్నది దానికి వచ్చిన సమాధానాల్లో ఒకటి. ఈ సమాధానం మట్టిని చూడని సమాధానం. పాన్‌కు మూలమైన ఉక్కు పీపా ఎక్కడ తయారైనా, దాన్ని సుత్తితో లోతుచేసి, నిప్పులో కాల్చి, స్వరం పలికించిన చేతులు ట్రినిడాడ్‌వి గనుక పాన్ ట్రినిడాడ్‌దయింది. న్యాయమే. అదే న్యాయం కరోనీ మట్టిని సారెమీద లోతుచేసి, ఆవంలో కాల్చి, దరువు పలికించిన చేతులకు మాత్రం ఎందుకు వర్తించదు? ఆ కోరికను వినిపించినవారిలో కొందరు తాసాను ప్రాచీన భారతీయ వారసత్వంగా వర్ణించి తమ వాదాన్ని తామే బలహీనపరచుకున్నారు. ‘ఇది అక్కడిది’ అని గర్వపడుతూనే ‘ఇక్కడ దీనికి పీట వేయండి’ అంటే అవతలివాడికి జవాబు సులువవుతుంది.

ఇక నేటి స్థితి. మట్టి తాసాలు తగ్గుతున్నాయి. లోహపు గిన్నె, దానికి మరలు, పైన కృత్రిమ పొర గల వాద్యాలు వచ్చాయి. వాటిని కాచనక్కరలేదు. మర బిగిస్తే శ్రుతి నిలుస్తుంది. వాన పడినా భయం లేదు, జారిపడినా పగలదు. మెడకు తగిలించుకుని గంటలకొద్దీ నడిచేవానికి మట్టి గిన్నె బరువెంతో వాడికే తెలుసు. దూరాన కూర్చుని మట్టి వాసన గురించి పరవశించేవారు ఈ వాదకులను తప్పుపట్టడం సబబు కాదు. శాస్త్రీయంగా చూసినా శ్రుతిని ప్రధానంగా నిర్ణయించేది తోలు బిగువు, గిన్నెలో బంధితమైన గాలి; గిన్నె ఏ పదార్థంతో చేసినదన్నది ఆ తరువాతి మాట. మట్టిలో ఏదో దివ్యనాదం దాగి ఉందనడం కవిత్వమే గాని విమర్శ కాదు.

తెలుగునాట ఇటువంటి మార్పు ఇదివరకే జరిగింది. బుర్రకథలో వంతలు వాయించే గుమ్మెటలు పూర్వం మట్టివి; తరువాత ఇత్తడివీ రాగివీ వచ్చాయి. నాజర్ వంటి మహాకళాకారుల కాలంలో ఆ మార్పు వల్ల బుర్రకథ ఆగిపోలేదు. గోవాలో ఘుమట్ అనే మట్టి వాద్యానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఉడుము చర్మం మానవలసివచ్చింది. మేకతోలుతో అది కొనసాగింది, 2019లో ఆ రాష్ట్ర వారసత్వ వాద్యమన్న గుర్తింపూ పొందింది. వాద్యాలు శరీరాలు మార్చుకుంటూనే బతుకుతాయి.

అలాగని నష్టమేమీ లేదనడం కూడా తొందరపాటే. కృత్రిమ పొర వచ్చినచోట మంట అక్కరలేదు. మంట లేనిచోట దరువుకూ దరువుకూ మధ్య వాదకులు ఆగి, గుమిగూడి, పెద్దవాడు చిన్నవాడి తోలును వేలితో తట్టి ‘ఇంకా కాలాలి’ అని చెప్పే విరామం ఉండదు. శిక్షణలో చాలాభాగం జరిగేది ఆ విరామంలోనే. మరొకటి: లోహపు గిన్నె ఒకసారి కొంటే ఏళ్లతరబడి ఉంటుంది. మట్టి గిన్నె పగిలినప్పుడల్లా వాదకుడు కుమ్మరి ఇంటికి వెళ్లాలి. ఆ రాకపోకలు నిలిచిపోతే కుమ్మరికి ప్రమిదలు మాత్రమే మిగులుతాయి. తాసా గిన్నెకు ఎంత లోతు, అంచు ఎంత మందం అన్న లెక్క చేతిలోంచి జారిపోతుంది. ఆ లెక్క ఏ గ్రంథంలోనూ సంపూర్ణంగా లేదు.

కరోనీ మైదానంలో చెరకు కూడా ఇప్పుడు గతమే. ప్రభుత్వరంగ చక్కెర సంస్థ కరోనీ లిమిటెడ్ 2003లో మూతపడింది. పాన్‌కు పీపాలిచ్చిన చమురు పరిశ్రమలోనూ ప్రధాన శుద్ధి కర్మాగారం 2018లో ఆగిపోయింది. వాద్యాలను పుట్టించిన పనులు వెళ్లిపోగా వాద్యాలు మిగిలాయి. మిగిలినచోట్లలో మొదట చెప్పవలసినది హిందూ వివాహాల్లో ‘మటికోర్’ అనే వేడుక. పెళ్లికి ముందు స్త్రీలు పాటలు పాడుతూ ఊరిబయటికి వెళ్లి, పూజచేసి, మట్టి తవ్వి తెస్తారు. తాసా ముందు నడుస్తుంది. తెలుగు పెళ్లిళ్లలో ముత్తైదువులు మేళంతో కుమ్మరి ఇంటికి వెళ్లి అయిరేని కుండలు తేవడం, పుట్టమన్ను తేవడం దీనికి సోదరప్రాయమైన ఆచారాలు. మటికోర్‌లో స్త్రీల నృత్యం ఎంత స్వేచ్ఛగా, ఎంత హాస్యంగా సాగుతుందో చూసినవారు చెబుతారు. పురుషులు ఉండరాదన్న ఆ వేడుకలో తాసా వాదకులకు మాత్రం మినహాయింపు. ఇటీవలి తరంలో ఆ మినహాయింపు అవసరం కూడా తగ్గుతున్నది. స్త్రీలే పుల్లలు పట్టి కట్టర్ వాయిస్తున్న బృందాలు ఏర్పడ్డాయి. వారిలో ఎందరు మంటవేసి మట్టి తాసాను కాచుకుంటున్నారో, ఎందరు మరలు బిగిస్తున్నారో తెలుసుకుని నమోదు చేయవలసిన పని పరిశోధకుల ముందుంది. చేజ్ విలేజ్ ఆవాల దగ్గర గిన్నెల కొలతలు రాసుకోవడంతో ఆ పని మొదలుకావచ్చు.